ఒకరు అన్న.. ఒకరు బావ!

ముందుగా ఒక చిన్న లెక్క. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు, నోటి లెక్కే.

మీ బాబాయికి ఒక కొడుకు ఉన్నాడు. మీ మేనమామకూ ఒక కొడుకు ఉన్నాడు. ఈ ఇద్దరిలో మీకు రక్తసంబంధం ఎవరితో ఎక్కువ?

చాలామంది టక్కున 'బాబాయి కొడుకుతోనే' అంటారు. కానీ తేడా ఏమీ లేదు. డీఎన్‌ఏ లెక్కలో ఇద్దరూ ఫస్ట్ కజిన్సే. ఇద్దరితోనూ మనం పంచుకునేది సగటున 12.5 శాతమే. అయినా మన ఇళ్లల్లో బాబాయి కొడుకు అన్నయ్య, రాఖీ కట్టించుకునే మనిషి. మామయ్య కొడుకు మాత్రం బావ. అతనికి కాఫీ కప్పు అందిస్తే చాలు, వంటింట్లోంచి కిసుక్కున నవ్వులు వినిపిస్తాయి. అబ్బాయిలకైతే బాబాయి కూతురు చెల్లి, మామయ్య కూతురు మరదలు. చెల్లితో పెళ్లి అన్న మాట అంటేనే చెంప పగులుతుంది. మరదలితో పెళ్లికి మాత్రం 'మేనరికం' అని పేరు పెట్టి మరీ ముచ్చటపడతారు.

రక్తం ఒక్కటే, దూరం ఒక్కటే. మరి మధ్యలో ఈ గీత ఎవరు గీశారు? రోజంతా కోడ్ రాసే నాకు, అలవాటు కొద్దీ, మన చుట్టరికాల వెనక ఏం కోడ్ నడుస్తోందో చూడాలనిపించింది. చూస్తే అది మన ఊళ్ల దగ్గర ఆగలేదు. అమెరికా దాకా వెళ్లింది.

రెండే రెండు రూల్స్

మన వరసల లెక్కకు మూలం రెండు రూల్సే. మొదటిది: నాన్నకు అన్నదమ్ములైనవాళ్లు నాన్నలే, అమ్మకు అక్కచెల్లెళ్లయినవాళ్లు అమ్మలే. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, చిన్నమ్మ.. పిలుపులోనే ఉంది చూడండి. తెలంగాణలో కొన్ని ఇళ్లల్లో చిన్నాయన అంటారు, కాక అంటారు. పిలుపు మారినా లెక్క మారదు. వాళ్ల పిల్లలంతా మనకు అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు.

రెండోది: నాన్నకు అక్కో చెల్లో అయితే అత్త, అమ్మకు అన్నో తమ్ముడో అయితే మామ. అంటే మధ్యలో ఆడ, మగ మారితే చుట్టరికం అవతలి గట్టుకు వెళ్లిపోతుంది. వాళ్ల పిల్లలు బావలు, వదినలు, మరదళ్లు, బావమరుదులు.

అసలు మజా ఇక్కడే ఉంది. పెళ్లయ్యాక భర్త తండ్రిని ఏమంటాం? మామ. తల్లిని? అత్త. కూతురి భర్త అల్లుడు, మగవాడికి అక్క కొడుకు మేనల్లుడు. కొడుకు భార్య కోడలు, మగవాడికి అక్క కూతురు మేనకోడలు. అంటే పిల్లలు పుట్టీ పుట్టకముందే భాష వాళ్ల పెళ్లి చేసేసింది. ఫంక్షన్ ఇంకా రన్ కాకముందే ఆన్సర్ టైప్ చేసి పెట్టుకున్నట్టు!

ఇంకో ఉదాహరణ. మీ అమ్మకు బావ వరస అయిన మనిషి మీకేమవుతాడు? బాబాయో, పెదనాన్నో అవుతాడు. ఎందుకంటే లెక్క ప్రకారం మీ అమ్మ అతన్ని చేసుకుని ఉండొచ్చు. అప్పుడు అతనే మీకు నాన్న అయ్యేవాడు. జరగని పెళ్లిని కూడా భాష లెక్కలో పెట్టుకుంది. అందుకే అతని కూతురు మీకు చెల్లి.

రాచెస్టర్ లాయర్‌కి దొరికిన తెలుగు

ఈ లెక్కను ప్రపంచానికి చూపించినవాడు మనవాడు కాదు. లూయిస్ హెన్రీ మోర్గాన్ అని న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టర్‌లో ఒక లాయర్ ఉండేవాడు. ఆ ప్రాంతంలోనే ఇరొక్వాయ్ కూటమికి చెందిన సెనెకా అనే ఆదివాసీ జాతి ఉంది. వాళ్లతో స్నేహం చేసి, 1851లో వాళ్ల మీద ఒక పుస్తకం కూడా రాశాడు. సెనెకాల్లో అతన్ని ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. వాళ్లు నాన్న అన్నదమ్ముల్ని 'నాన్న' అనే పిలుస్తారు. అమ్మ అక్కచెల్లెళ్లు అమ్మలే. మేనమామకు, మేనత్తకు మాత్రం వేరే మాటలు. అన్ని రకాల కజిన్స్‌కీ ఒకే మాట వాడే ఇంగ్లీష్ మనిషికి ఇది చాలా వింతగా అనిపించింది.

ఆ తర్వాత మోర్గాన్ చేసిన పని ఇవాళ మనం చేసే ఆన్‌లైన్ సర్వే లాంటిదే. 'మీ నాన్న అన్నను ఏమంటారు? ఆయన కొడుకును ఏమంటారు?' అంటూ పొడవాటి ప్రశ్నాపత్రం అచ్చు వేయించి, స్మిత్‌సోనియన్ సంస్థ సాయంతో దేశదేశాలకు పోస్ట్ చేశాడు. అమెరికన్ రాయబారులు, మిషనరీలు వాటిని నింపి పంపారు. 1859లో, దక్షిణ భారతంలో పనిచేసి వచ్చిన ఒక మిషనరీ ద్వారా మన వైపు చుట్టరికాల సంగతి అతనికి తెలిసింది. చూస్తే.. సెనెకా లెక్క, మన లెక్క దాదాపు ఒక్కటే! 1871లో స్మిత్‌సోనియన్ అచ్చేసిన అతని భారీ పుస్తకంలోని పట్టికల్లో తమిళం, తెలుగు, కన్నడం ఉన్నాయి. చుట్టరికాన్ని ఒక శాస్త్రంగా చదవడం మొదలైన పుస్తకం అదే. పెదనాన్న, మేనత్త లాంటి మన ఇంటి మాటలు దాని పునాదిలో ఉన్నాయన్నమాట.

మోర్గాన్ మాత్రం ఉత్సాహంలో ఒక మెట్టు ఎక్కువే ఎక్కాడు. వరసలు కలిశాయి కాబట్టి అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వచ్చారనడానికి ఇదే రుజువు అన్నాడు. ఆ వాదన నిలబడలేదు. పైగా 1964లో ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ అనే భాషా శాస్త్రవేత్త రెండు లెక్కల మధ్య అసలు తేడా విడమరిచి చెప్పాడు. ఇందాకటి ఉదాహరణే తీసుకోండి. అమ్మకు బావ అయినవాడు మనకు నాన్న వరస. ఇరొక్వాయ్ లెక్కలో మాత్రం మామ వరస. అమ్మ ఆడ, అతను మగ.. అంతవరకే వాళ్లు చూస్తారు. ఎందుకంటే వాళ్లకు మేనరికం ఆచారం లేదు. మాటలు పైకి ఒకేలా ఉన్నా లోపల పెళ్లి రూల్ వేరు.

అంటే ఈ వరసలు రక్తంలో పుట్టినవి కావు. మనుషులు కూర్చుని రాసుకున్న రూల్స్. ఒక్కో చోట ఒక్కోలా రాసుకున్నారు.

దేశానికో గీత

మా టీమ్‌లో కాన్పూర్ అమ్మాయి ఒకామె ఉంది. ఒకరోజు లంచ్‌లో మేనరికం సంగతి వచ్చింది. తింటున్న చపాతీ ఆపేసి, "మామయ్య కొడుకంటే భయ్యా కదా! భయ్యాతో పెళ్లేంటి?" అని మొహం అదోలా పెట్టింది. ఆమె తప్పేం లేదు. ఉత్తరాది హిందూ కుటుంబాల్లో ఎక్కువ భాగం నాన్న వైపు, అమ్మ వైపు కజిన్స్ అందరూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే. గీత వాళ్లందరి బయట ఉంటుంది.

అరబ్ సమాజాల్లో గీత తిరగబడుతుంది. అక్కడ సంప్రదాయంగా మొదటి ప్రాధాన్యం నాన్న తమ్ముడి కూతురికో, అన్న కూతురికో. అంటే మనం చెల్లి అనే అమ్మాయికి! పాత హవాయి భాషలో గీతే లేదు. అమ్మానాన్నల తరం మగవాళ్లందరికీ ఒకే మాట, ఆడవాళ్లందరికీ ఒకే మాట. కజిన్స్ అంతా తోబుట్టువులే. చైనాలో నాన్న అన్నదమ్ముల పిల్లలకు ఒక మాట, మిగతా కజిన్స్ అందరికీ ఇంకో మాట. ఆ మిగతావాళ్లతో పెళ్లిళ్లు ఒకప్పుడు మామూలే. 1980 పెళ్లి చట్టం మూడు తరాల లోపు రక్తసంబంధీకుల మధ్య పెళ్లిని నిషేధించింది. మాటలు అలాగే ఉన్నాయి, పెళ్లి రూల్ మారిపోయింది.

ప్రతి సమాజానికీ తన గీత ప్రకృతి గీసినట్టే కనిపిస్తుంది. పక్కవాళ్ల గీత మాత్రం 'ఛీ' అనిపిస్తుంది. మన మేనరికం మీద ఆ 'ఛీ' కొత్తదేం కాదు. క్రీస్తుకు పూర్వపు బౌధాయన ధర్మసూత్రం, దక్షిణాది వాళ్ల ప్రత్యేక అలవాట్లంటూ ఒక జాబితా ఇస్తుంది. మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని పెళ్లాడటం అందులో ఉంది. ఇక మన గడ్డ మీద రుజువు కావాలంటే నాగార్జునకొండ శాసనాలున్నాయి. 3వ శతాబ్దపు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు తన మేనత్త హమ్మసిరి కూతురు బాపిసిరిని పెళ్లి చేసుకున్నాడు. అంటే పదిహేడు వందల ఏళ్ల కిందటే కృష్ణ ఒడ్డున అత్త కూతురు మరదలే!

అత్తే అత్తగారైతే..

ఇంత పాత ఆచారం ఆడవాళ్లకు మంచి చేసిందా, చెడు చేసిందా? ఇది చర్చకు వచ్చిందంటే రెండు వైపులా గట్టి మాటలున్నాయి.

ఇరావతి కర్వే 1953లో భారతదేశ బంధుత్వాల మీద ఒక పుస్తకం రాశారు. ఉత్తరాదిలో అమ్మాయిని ఎక్కడో దూరపు ఊళ్లో, ముక్కూమొహం తెలియని ఇంటికి పంపుతారు. దక్షిణాదిలో అమ్మాయి వెళ్లేది చిన్నప్పటి నుంచి తిరిగిన ఇంటికే. ఈ తేడా ఆడవాళ్ల జీవితాన్ని ఎంత మారుస్తుందో ఆమె చూపించారు. 1983లో టిమ్ డైసన్, మిక్ మూర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లారు. దక్షిణాది ఆడవాళ్లకు కాస్త ఎక్కువ స్వేచ్ఛ ఉండటానికి, తక్కువ మంది పిల్లల్ని కనడానికి, పసిపిల్లల మరణాలు తక్కువగా ఉండటానికి ఈ పెళ్లి పద్ధతికీ సంబంధం ఉందన్నారు. అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. అత్తగారు మేనత్తే అయితే, కొత్త కోడలు ఆకలేస్తే అడగ్గలదు.

రెండో వైపు సంగతి నాకు పుస్తకాల్లో దొరకలేదు, ఇంట్లోనే దొరికింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా మామయ్య కొడుకు పేరు నా పేరు పక్కనే ఉండేది. ఎనిమిదేళ్ల పిల్లను పట్టుకుని "నీ మొగుడొచ్చాడే, నీళ్లివ్వు" అనేవాళ్లు. అది జోకే. కానీ ఆ జోకు వల్ల ఇంటర్ దాకా మేమిద్దరం ఒక గదిలో కూర్చుని మాట్లాడుకోలేదు. మా ఇద్దరికీ ఆ ఆలోచనే లేదు. ఉద్యోగాలొచ్చాక ధైర్యం చేసి అతను వాళ్ల నాన్నతో, నేను మా అమ్మమ్మతో చెప్పేశాం.

బయటి సంబంధం వద్దంటే ఒక ఫోన్ కాల్‌తో పోతుంది. మేనరికం వద్దంటే అలా పోదు. నేను కాదన్నది మా బావను, దెబ్బ తగిలింది మా అమ్మకు. 'చెల్లి కూతురు నా కొడుకును వద్దంది' అని మామయ్య మాట్లాడటం మానేశాడు. మా అమ్మ రెండు సంక్రాంతులు పుట్టింటికి వెళ్లలేదు. పండగ పూట తెనాలి బస్సుల టైమ్ నోటికి చెప్పే మనిషి, ఆ రెండేళ్లూ ఆ ఊరి పేరెత్తలేదు. ఇప్పుడు అంతా సర్దుకుంది. మా బావ తన ప్రాజెక్ట్ డెడ్‌లైన్ల గురించి నాకు మెసేజ్‌లు పెడుతుంటాడు. కానీ అమ్మాయి 'వద్దు' అనే మాటకు ఆ ఇంట్లో ఎంత రేటు కట్టారో నాకు తెలుసు. వద్దనడానికి వీల్లేని చోట 'అవును' అన్నదానికి కూడా విలువ ఉండదు కదా!

పెళ్లయ్యాక కష్టం వస్తే ఇంకో చిక్కు. పుట్టింటికి వెళ్లి చెప్పుకోవాలి. కానీ అత్తగారు సొంత మేనత్త. నాన్న తన అక్క మీద కూతురి మాట వింటాడా? కొందరు వింటారు, కొందరు 'సర్దుకుపో' అంటారు. తెలిసిన ఇల్లే కావడం ఒక్కోసారి రక్షణ, ఒక్కోసారి తాళం.

ఆరోగ్యం లెక్క కూడా దాచకుండా చెప్పుకోవాలి. మామూలుగా పుట్టే పిల్లల్లో దాదాపు 2 నుంచి 3 శాతం మందికి పుట్టుకతో వచ్చే సమస్యలు ఉంటాయి. ఫస్ట్ కజిన్స్ పెళ్లిలో ఆ రిస్క్ దాదాపు రెట్టింపు అవుతుంది. మేనమామ, మేనకోడలు అయితే పంచుకునే డీఎన్‌ఏ 25 శాతం కాబట్టి రిస్క్ ఇంకా ఎక్కువ. అంటే ఎక్కువ మంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు, కానీ రిస్క్ నిజం. పెళ్లి అనుకుంటున్నవాళ్లు ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్లడం మంచిది.

'వరస కుదరదు'

ఈ రూల్స్ గురించి నాకు బాగా కోపం తెప్పించిన కేసు మాత్రం మా ఇంట్లోది కాదు, నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్‌ది. ఖమ్మం వైపు కుర్రాడు. ఆఫీసులో ఒక అమ్మాయిని ఇష్టపడ్డాడు. కులం ఒకటే, జీతాలు బానే ఉన్నాయి, ఇక అడ్డేముంది అనుకున్నారు. పెద్దవాళ్లు కూర్చుని ఆరా తీస్తే, అమ్మాయి నాన్న మావాడి పెద్దమ్మ భర్తకు స్వయానా తమ్ముడు. అంతే! పెద్దమ్మ భర్త పెదనాన్న, ఆయన తమ్ముడు బాబాయి, బాబాయి కూతురు చెల్లి. "చెల్లెలి వరస అమ్మాయితో పెళ్లేంట్రా!" అని ఇల్లంతా గగ్గోలు.

ఒక్కసారి ఆలోచించండి. ఆ ఇద్దరి మధ్య ఒక్క చుక్క రక్తసంబంధం లేదు. సున్నా శాతం. అదే ఇంట్లో, 12.5 శాతం పంచుకునే మామయ్య కూతుర్ని చేసుకుంటానంటే హారతి పట్టేవాళ్లు.

చట్టం ఏమంటుందో చూస్తే ఇంకా తమాషా. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లి, మేనమామ, మేనకోడళ్ల పెళ్లి నిషిద్ధ బంధుత్వాల కిందికే వస్తాయి. మన వైపు అవి చెల్లుతున్నాయంటే, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చారు కాబట్టే. పెద్దమ్మ భర్త తమ్ముడి కూతురు మాత్రం ఆ నిషేధం జాబితాలో ఎక్కడా లేదు. మన ఇంట్లో 'ఓకే' అన్నదానికి చట్టంలో ప్రత్యేక అనుమతి కావాలి. మన ఇంట్లో 'పాపం' అన్నదానికి చట్టం ఏ అడ్డూ చెప్పదు.

మావాడి కథ ఎలా ముగిసిందంటే, వాళ్ల నానమ్మ ముగించింది. మూడు నెలల గొడవ చూసి చూసి, ఒకరోజు మంచం మీద నుంచే లెక్క మొదలుపెట్టింది. అమ్మాయి వాళ్ల అమ్మ ఏ ఊరు, ఎవరి మనవరాలు అని తవ్వి తవ్వి, ఆవిడ మావాడి నాన్నకు దూరపు చెల్లెలి వరస అవుతుందని తేల్చింది. నాన్నకు చెల్లెలంటే అత్త. అత్త కూతురంటే మరదలు! "అటు నుంచి లెక్కేస్తే చెల్లి, ఇటు నుంచి లెక్కేస్తే మరదలు. ఇటు నుంచే లెక్కేద్దాం" అని తీర్పు చెప్పింది. గత మాఘంలో పెళ్లయింది. ఆ నానమ్మ బడికి వెళ్లలేదు. కానీ రూల్ మనుషుల కోసం అన్న సంగతి ఆమెకు బాగా తెలుసు.

అయితే ప్రతి ఇంట్లోనూ అలాంటి నానమ్మ ఉండదు. 'వరస కుదరదు' అన్న ఒక్క మాటతో విడిపోయిన జంటలు మీకూ తెలిసే ఉంటాయి. 'మేనరికం ఉందిగా' అన్న ఒక్క మాటతో చదువు ఆగిపోయిన అమ్మాయిలూ తెలిసే ఉంటారు. ఒకచోట వరస తలుపు మూసింది, ఇంకోచోట బలవంతంగా తెరిచింది. రెండు చోట్లా అడగాల్సిన మనిషిని అడగలేదు.

అలాగని ఈ మాటలన్నీ తీసేసి అందరినీ 'అంకుల్, ఆంటీ, కజిన్' అనేద్దామా? నేనైతే ఒప్పుకోను. మా అక్క ఒక బెంగాలీ అబ్బాయిని పెళ్లి చేసుకుంది. తాళి కట్టిన గంటకే మా తమ్ముడు అతన్ని "బావా, భోజనానికి రా" అని పిలిచాడు. మా అమ్మ వాళ్ల అమ్మను "వదినగారూ" అంది. ఆవిడకు తెలుగు ఒక్క ముక్క రాదు, నవ్వి చెయ్యి పట్టుకుంది. రక్తం కలవలేదు, భాష కలవలేదు. అయినా మన వరసల్లో వాళ్లకు చోటు రెడీగా ఉంది. ఏ పరాయి మనిషినైనా ఒక్క పిలుపుతో ఇంటి మనిషిని చేసే శక్తి ఈ మాటలకు ఉంది. దాన్ని ఎందుకు వదులుకోవాలి?

ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీ అమ్మమ్మ పక్కన కూర్చుని, వాట్సప్ ఫ్యామిలీ గ్రూపులో ఒక్కో పేరూ చూపిస్తూ వరస అడగండి. రెండు వైపుల నుంచీ లెక్క కుదిరేవాళ్లు కనీసం నలుగురైనా దొరుకుతారు. అప్పుడే మెల్లగా ఇంకో ప్రశ్న కూడా అడగండి.. "నీ పెళ్లప్పుడు నిన్నెవరైనా అడిగారా అమ్మమ్మా?" అని.